నా మెయిల్‌కి ఎర్ర సున్నాలు చుట్టి గ్రూపులో పెట్టాడు. ఇక ఇంగ్లీషు రాయాలంటేనే భయం

భీమవరం దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో డాక్యుమెంటేషన్ సెక్షన్ చూసుకుంటున్న పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా పెద్దది. ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకి 36 ఏళ్లు. నరసాపురం వైపు ఒక పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత బీకాం. తొమ్మిదేళ్ల కిందట డేటా ఎంట్రీకి చేరి, ఇప్పుడు ప్యాకింగ్ లిస్ట్ నుంచి హెల్త్ సర్టిఫికెట్ దాకా కాగితాలన్నీ తన చేతి మీదుగా నడిపించే స్థాయికి వచ్చారు. ఈమధ్య అసిస్టెంట్ మేనేజర్‌గా ఒక కుర్రాడు చేరాడు. హైదరాబాద్‌లో ఇంగ్లీషు మీడియంలో చదివాడు, ఓనర్ గారికి బంధువు. ఒకరోజు ఈమె అమెరికా బయ్యర్‌కి రాసిన మెయిల్‌ని స్క్రీన్‌షాట్ తీసి, తప్పులకి ఎర్ర సున్నాలు చుట్టి, 'నేటి ఇంగ్లీష్ క్లాస్' అని ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. అప్పట్నుంచి అది అలవాటైపోయింది.

ఇంతలో నిజంగానే ఒక మెయిల్ దెబ్బ కొట్టింది. లేబుల్‌లో చిన్న మార్పు గురించి 'వీ కెన్ ఛేంజ్ ద లేబుల్ టిల్ ఫ్రైడే' అని ఈమె రాశారు. శుక్రవారంలోపు మార్చి ఇచ్చేస్తామని ఈమె ఉద్దేశం. ఆ బయ్యర్ ఆవిడ గురువారం ఇంకో కొత్త లేబుల్ పంపింది. అప్పటికే కార్టన్లు ప్రింటయిపోయాయి. ఓనర్ గారు కేకలేయలేదు గానీ, "ఇకనుంచి మెయిల్స్ అబ్బాయి చూస్తాడులేమ్మా" అన్నారు.

"ఇప్పుడు రెండు లైన్లు రాయడానికి గంట పడుతోందండి. కుదిరితే ఫోన్ చేసేస్తున్నాను. ఒక ఏఐ యాప్‌లో పెట్టి సరిచేయించుకుంటే, 'రెండు రోజులు ఆలస్యం కావచ్చు' అన్నదాన్ని 'రెండు రోజుల ఆలస్యానికి చింతిస్తున్నాం' అని అందంగా మార్చింది. చూసుకోకుండా పంపేశాను. ఆవిడ అక్కడ గోడౌన్ బుకింగ్ మార్చేసుకుంది. మా ఆయన ఉద్యోగం మానేయమంటున్నారు. 18 వేలు కట్టి స్పోకెన్ ఇంగ్లీష్‌లో చేరదామా అనుకుంటున్నాను. ఈ వయసులో గ్రామర్ వస్తుందా అండి? అతనికి గట్టిగా చెప్పాలా, నేనే తప్పుకోవాలా?" అని అడిగారు. బయ్యర్ పేరు, ధరలు కొట్టేసి ఆరు మెయిళ్లు కూడా జతచేశారు.

అమ్మా, ఆ ఆరు మెయిళ్లూ చదివాను. అతను చుట్టిన ఎర్ర సున్నాలు కూడా చూశాను. మీ ఉత్తరంలో ఒక నిజమైన తప్పు, చాలా ఉత్తుత్తి తప్పులు, ఒక అవమానం కలిసి ముడిపడిపోయాయి. అవమానం జరిగింది కాబట్టి కోర్సులో చేరాలనుకుంటున్నారు. కార్టన్ల నష్టం జరిగింది కాబట్టి అవమానం పడాల్సిందే అనుకుంటున్నారు. దేని మందు దానికి వేయాలి.

ముందు లేబుల్ సంగతే చూద్దాం, ఎందుకంటే మీ మెయిళ్లలో నిజంగా ఖరీదైనది అదే. తెలుగులో మీరు ఈ తప్పు కలలో కూడా చేయరు. 'శుక్రవారం వరకు డబ్బులిచ్చేస్తాను' అని ఏ రైతుతోనైనా అంటారా? 'శుక్రవారంలోపు' అంటారు. ఆ తేడా మీకు పుట్టుకతోనే తెలుసు. ఇంగ్లీషులో పొరపాటు ఎక్కడొచ్చిందంటే, బడిలో మనకి 'టిల్' అంటే వరకు అనీ, 'బై' అంటే చేత అనీ నేర్పారు. రాముని చేత రావణుడు చంపబడెను, అక్కడితో 'బై' పాఠం అయిపోయింది. గడువు చెప్పాల్సి వచ్చినప్పుడు కూడా అదే 'బై' వాడాలని ఎవరూ చెప్పలేదు. 'టిల్ ఫ్రైడే' అంటే శుక్రవారం దాకా ఆ పని సాగుతూనే ఉంటుంది, ఆ తలుపు తెరిచే ఉంటుంది. 'బై ఫ్రైడే' అంటే శుక్రవారానికల్లా అయిపోతుంది. ఆవిడ మీ వాక్యాన్ని సరిగ్గానే చదివింది: శుక్రవారం దాకా మార్పులు చెప్పొచ్చు అనుకుంది. మీరు రాయాల్సింది 'వీ విల్ ఛేంజ్ ద లేబుల్ బై ఫ్రైడే'. మారినవి రెండు చిన్న మాటలు. 'కెన్' తీసేసి 'విల్', 'టిల్' తీసేసి 'బై'.

ఇలాంటిదే ఇంకొకటి మీ నాలుగో మెయిల్‌లో ఉంది. దాన్ని అతను కూడా గమనించలేదు, సున్నా చుట్టలేదు. నాకైతే ఆరింటిలోనూ అదే ఎక్కువ కంగారు పెట్టింది. సరుకు జాగ్రత్తగా చేరేలా చూస్తామని చెప్పబోయి, 'వీ విల్ ఇన్‌ష్యూర్ ద కార్గో' అని 'ఐ' అక్షరంతో మొదలుపెట్టి రాశారు. మీరు అనుకున్న మాట 'ఈ' అక్షరంతో మొదలవుతుంది: ఎన్‌ష్యూర్. ఐ తో రాస్తే ఇన్సూరెన్స్ మేమే చేయిస్తాం అని అర్థం. మీ ఒప్పందం సీఎఫ్ఆర్ మీద ఉందని అదే మెయిల్‌లో ఉంది. సీఎఫ్ఆర్ అంటే ఓడ కిరాయి మీది, ఇన్సూరెన్స్ మీ బాధ్యత కాదు. అది సీఐఎఫ్ అయితేనే మీ మీద ఉంటుంది. ఇది నాకంటే మీకే బాగా తెలుసు. రేపు దారిలో కంటైనర్‌కి ఏదైనా అయితే, ఆ ఒక్క అక్షరం పట్టుకుని అవతలివాళ్లు వాదనకి దిగొచ్చు. వాక్యం కూడా కొంచెం మార్చాలి: 'వీ విల్ ఎన్‌ష్యూర్ దట్ ద కార్గో రీచెస్ సేఫ్‌లీ'. కంప్యూటర్ ఇలాంటిచోట ఎర్రగీత గీయకపోవచ్చు, ఎందుకంటే రెండూ సరైన స్పెల్లింగులే. 'అక్సెప్ట్', 'ఎక్సెప్ట్' జంట కూడా అంతే. ఒకటి ఒప్పుకోవడం, రెండోది మినహాయించడం. ఏ లాట్‌లు ఒప్పుకున్నారో ఏవి కాదన్నారో రాసేచోట ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

'లూజ్', 'లూస్' తికమక మీ ఒక్కరిదే కాదు. వదులుగా ఉన్నదాన్ని మనం తెలుగులో 'లూజు' అంటాం. ఇంగ్లీషువాడు దాన్ని 'లూస్' అని పలుకుతాడు, రెండు ఓలు రాస్తాడు. పోగొట్టుకోవడాన్ని 'లూజ్' అని పలుకుతాడు, ఒకే ఓ రాస్తాడు. మన చెవికి అలవాటైన శబ్దమే మనల్ని తప్పు దారి పట్టిస్తోంది. పోతే ఒక ఓ పోతుంది అని గుర్తు పెట్టుకోండి.

'ఐ హావ్ సెంట్ యెస్టర్‌డే' కూడా మన పలుకే. 'పంపించాను' అన్న ఒక్క క్రియతో మనకి పని జరిగిపోతుంది. వాళ్లకి అక్కడ రెండు దారులున్నాయి. ఎప్పుడో చెబుతున్నారా, నిన్న, సోమవారం, ఉదయం పదింటికి అని? అయితే 'హావ్' తీసేయండి. ఎప్పుడో చెప్పకుండా పని అయిందని మాత్రమే చెబుతున్నారా? 'హావ్' ఉంచండి. ఇక 'ఏ', 'ద' ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో ఇప్పుడే నేర్చుకోవాలని తలబద్దలు కొట్టుకోకండి. తెలుగులో అలాంటివి లేవు కాబట్టి అవి అబ్బడానికి ఏళ్లు పడుతుంది. మీరు రాసే మెయిళ్లలో ఒక 'ద' తప్పిపోయినంత మాత్రాన కంటైనర్ ఆగదు.

ఇప్పుడు అతని ఎర్ర సున్నాల సంగతి. తేదీని ముందుకు జరపడం అనే అర్థంలో మీరు వాడిన 'ప్రిపోన్' కి చుట్టాడు. అది మన దేశంలో చక్కగా చెలామణీ అయ్యే మాట, నిఘంటువుల్లోకీ ఎక్కింది. విశాఖలో ఉన్న షిప్పింగ్ ఏజెంటుకి రాస్తే తప్పేమీ లేదు. అమెరికావాళ్లకి మాత్రం అర్థం కాకపోవచ్చు కాబట్టి వాళ్లకి రాసేటప్పుడు కొత్త తేదీ ఇదీ అని చెప్పేస్తే సరిపోతుంది. 'రివర్ట్' కూడా అలాంటిదే. మనం జవాబివ్వడం అనుకుంటాం, బయట చాలామందికి అది వెనకటి స్థితికి వెళ్లిపోవడం. 'డిస్కస్ అబౌట్' లో 'అబౌట్' అక్కర్లేదు, నిజమే. ఉన్నా ఎవరికీ నష్టం లేదు. 'డు ద నీడ్‌ఫుల్' మీద అతనికెందుకో మహా కోపం. తెల్లదొరల కాలపు ఆఫీసు ఇంగ్లీషు అది, మన ఆఫీసుల్లో ఇంకా బతికుంది. నాకు నచ్చకపోవడానికి కారణం వేరు: ఏం చేయాలో అది చెప్పదు. మూడో మెయిల్‌లో లేబుల్, తేదీ, అడ్వాన్సు మూడింటి గురించీ రాసి చివర 'కైండ్లీ డు ద నీడ్‌ఫుల్' అన్నారు. ఆ మూడింటిలో ఆవిడ దేన్ని చేయాలి? 'లేబుల్ డిజైన్‌ని బుధవారంలోపు కన్ఫర్మ్ చేయండి' అని అడిగితే మీకు జవాబు వచ్చేది.

ఇకపోతే 'బట్' తో వాక్యం మొదలుపెట్టకూడదని చుట్టిన సున్నా శుద్ధ తప్పు. మంచి ఇంగ్లీషు రాసేవాళ్లు ఎప్పట్నుంచో మొదలుపెడుతూనే ఉన్నారు. 'ద డేటా ఈజ్' ని 'ద డేటా ఆర్' అని దిద్దడం కూడా అనవసరం, ఇవాళ రెండూ చెల్లుతాయి. దిద్దేవాడు చెప్పిందల్లా వేదం కాదని తెలియడానికే ఇది రాస్తున్నాను. దీన్ని తీసుకెళ్లి గ్రూపులో పెట్టకండి. ఆ సరదా ఒక్కరోజే ఉంటుంది, వైరం మాత్రం మిగులుతుంది.

మీరు అసలు లెక్కలోకే తీసుకోని సంగతి ఒకటుంది. చెరువు గట్టు మీద 40 కౌంట్ అంటే కిలోకి 40 రొయ్యలు. అమెరికా బయ్యర్ 16/20 అంటే పౌండుకి 16 నుంచి 20. పౌండు అంటే సుమారు 454 గ్రాములు. మీ రెండో మెయిల్‌లో దేని లెక్క దేనిదో విడివిడిగా, తల తీసినదా తలతో ఉన్నదా అనేది కూడా కలిపి, పట్టీ వేసి రాశారు. అందులో మూడు గ్రామర్ తప్పులున్నాయి, అయినా చదివిన ఎవరూ పొరపడరు. అదే రోజు అతను రాసిన మెయిల్ కింద ఉంది కదా, గ్రామర్ నున్నగా ఉంది. డెలివరీ తేదీ మాత్రం '05/06' అని వేశాడు. మనకది జూన్ 5, అమెరికావాళ్లకి మే 6. లక్షల్లో అంకె చెప్పడం కూడా అంతే, ఆ మాట వాళ్లకి తెలియదు. నెల పేరు అక్షరాల్లో రాయడం, అంకె పూర్తిగా వేయడం, కిలోనా పౌండా చెప్పడం గ్రామర్ పుస్తకంలో దొరకవు. స్పష్టత అంటే సగం ఇదే, ఇది మీ దగ్గర ఇప్పటికే ఉంది.

ఇంగ్లీషే మాతృభాషగా ఉన్నవాళ్లు ఏమైనా తడబడకుండా రాస్తారనుకుంటున్నారా? అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో ఓవర్‌టైమ్ చట్టం ఒకటుంది. ఆహార పదార్థాలు, చేపల ఉత్పత్తుల వంటివాటిని శుద్ధి చేయడం, గడ్డకట్టించడం, నిల్వచేయడం వగైరా పనులకి ఓవర్‌టైమ్ లేదని వరసగా రాసి, చివర 'ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్' అని ముగించారు. 'షిప్‌మెంట్' తర్వాత ఒక కామా పెట్టలేదు. పంపిణీ చేయడం వేరే పనా, లేక పంపిణీ కోసం చేసే ప్యాకింగ్ మాత్రమేనా? పాల వ్యాన్ల డ్రైవర్లు మేం ప్యాకింగ్ చేయం, పంపిణీ మాత్రమే చేస్తాం, మాకు ఓవర్‌టైమ్ రావాలి అని కోర్టుకెక్కారు. 2017లో అప్పీలు కోర్టు వాళ్ల వైపు మొగ్గింది. 2018లో కంపెనీ 50 లక్షల డాలర్లకి రాజీపడింది. చట్టం రాసినవాళ్లు మరి తెలుగు మీడియం కాదు కదా. ప్రభుత్వ కాగితాలు జనానికి అర్థమయ్యేలా రాయాలని అక్కడ 2010లో ఏకంగా ఒక చట్టమే చేసుకోవాల్సి వచ్చింది.

మీ మెయిళ్లలో నేను మార్చమనేది, గ్రామర్ కంటే ముందు, వరస. మన అర్జీలో దండం ముందు, కథ మధ్యలో, 'కావున తమరు దయచేసి' చివర. మీ మెయిళ్లన్నీ అలాగే ఉన్నాయి. 'విత్ రిఫరెన్స్ టు ద సబ్జెక్ట్ సైటెడ్ అబవ్' అంటూ మొదలై, అడగాల్సిన ముక్క తొమ్మిదో లైనులో వస్తోంది. ఫోన్లో మెయిల్ చూసే మనిషి తొమ్మిదో లైను దాకా రాదు. ఏం కావాలో, ఎప్పటిలోపు కావాలో మొదటి రెండు లైన్లలో చెప్పేయండి. కారణాలు కింద రాయండి. రాసేముందు ఆ రెండు ముక్కలూ మనసులో తెలుగులో అనుకోండి. 'లేబుల్ ఓకే చేయండి, బుధవారంలోపు' అని మీకు తెలుగులో తేలితే ఇంగ్లీషు దానంతటదే పొట్టిగా వస్తుంది. తెలుగులోనే తేలకపోతే ఏ యాప్ తేల్చలేదు.

యాప్ మానక్కర్లేదు, తోలే పద్ధతి మార్చండి. 'దీన్ని బాగా రాయి' అంటే అది అలంకారాలు పెడుతుంది. 'గ్రామర్, స్పెల్లింగ్ మాత్రం దిద్దు, అర్థం మార్చకు, ఏం మార్చావో చెప్పు' అని అడగండి. వచ్చినదాంట్లో అంకెలు, తేదీలు, 'నాట్', 'మే', 'విల్', 'మస్ట్' అనే మాటలు మీరు రాసినవాటితో పోల్చుకోండి. మీ ఆలస్యం మెయిల్‌లో పోయింది ఆ 'మే' ఒక్కటే. ధరలు, బయ్యర్ పేరు అందులో పెట్టొచ్చో లేదో కంపెనీని అడిగి తెలుసుకోండి. అడిగేదాకా నాకు పంపినట్టే కొట్టేసి పెట్టండి.

18 వేల కోర్సు గురించి. మీకు ఫోన్లో మాట్లాడటం కూడా బెరుకైతే అది పనికొస్తుంది. నలుగురిలో నోరు తెరవడం అలవాటవుతుంది, అది చిన్న లాభమేమీ కాదు. కానీ మెయిల్ రాయడం మీద వాళ్లు సాధారణంగా పెద్దగా సమయం పెట్టరు. చేరాలనుకుంటే ముందు మీ మెయిల్ ఒకటి తీసుకెళ్లి, వారానికి ఇలాంటివి ఎన్ని రాయించి దిద్దుతారని అడగండి. జవాబు తడుముకుంటే డబ్బులు దాచుకోండి. ఖర్చులేని పని ఇంకొకటుంది. బయ్యర్లు మీకు రాసిన పాత మెయిళ్లు ఏళ్ల తరబడివి మీ దగ్గర ఉన్నాయి. లేబుల్ గురించి, ఆలస్యం గురించి, డాక్యుమెంట్లలో తేడా గురించి వాళ్లు ఎలా అడిగారో, ఎలా చెప్పారో చూసి, వాక్యాలు ఒక ఫైల్లో ఎత్తిరాసుకోండి. మీ పనికి రోజూ కావలసిన సందర్భాలు మహా అయితే ఇరవై ముప్ఫై ఉంటాయి. ఈ వయసులో గ్రామర్ వస్తుందా అని అడిగారు. మొత్తం గ్రామర్ రాకపోవచ్చు, ఈ ముప్ఫై సందర్భాలూ తప్పకుండా వస్తాయి.

ఇక ఆ అబ్బాయి. ఒక దారి, విడిగా పిలిచి మాట్లాడటం. "బాబూ, కార్టన్ల విషయంలో తప్పు నాదే. నా మెయిల్‌లో తప్పుంటే నాకు చెప్పు, దిద్దుకుంటాను. గ్రూపులో పెట్టొద్దు, అది నాకు బాధగా ఉంది." ఇంతకుమించి ఒక్క మాట వద్దు. ఈ వయసు కుర్రాళ్లలో చాలామందికి ఎదుటివాళ్లు బాధపడుతున్నారని నిజంగానే తెలియదు, ముఖాన చెబితే సర్దుకుంటారు. 'సరదాకి చేశా మేడమ్, సీరియస్‌గా తీసుకున్నారా' అని తేలిగ్గా కొట్టేయొచ్చు కూడా. అప్పుడు నవ్వేసి ఊరుకోకండి. "నాకు సరదాగా లేదు" అని మళ్లీ అదే స్వరంతో చెప్పండి. అయినా ఆగకపోతే ఓనర్ గారి దగ్గరికి వెళ్లాలి. బంధువు మీద ఫిర్యాదు అంటే ఆయనకీ ఇరకాటమే, మీరు ఏడుపుగొట్టు అనిపించుకునే ప్రమాదమూ ఉంది. అందుకే వెళ్లేటప్పుడు అవమానం కథ కంటే ముందు స్క్రీన్‌షాట్లు చూపించి, బయ్యర్ల మెయిళ్లు ఇంతమంది ఉన్న గ్రూపులో తిరుగుతున్నాయని చెప్పండి. అది కంపెనీకి సంబంధించిన సంగతి, ఆయన వినక తప్పదు. మూడో దారి, ఏమీ అనకుండా ఉండటం. గ్రూపుని మ్యూట్‌లో పెట్టేసి పని చేసుకోవచ్చు, కొందరికి అది చెల్లుతుంది. మీకు చెల్లుతుందని నాకు అనిపించడం లేదు. రెండు లైన్లకి గంట పడుతోందన్నారుగా.

నన్నడిగితే ఎర్ర సున్నాల కంటే ప్రమాదం ఓనర్ గారి "అబ్బాయి చూస్తాడులే". వినడానికి మెత్తగా ఉంది, మీకూ కాస్త హాయిగా అనిపించి ఉంటుంది. కానీ రాసే పని చేతులు మారితే, బయ్యర్‌తో పరిచయం మారుతుంది, ఏ తేడా ఎక్కడొచ్చిందో ముందుగా తెలిసే చోటు మారుతుంది. కొంతకాలానికి మీరు అతను చెప్పిన కాగితాలు ప్రింట్ తీసే మనిషిగా మిగలొచ్చు. పూర్తిగా కాదంటే మొండితనంలా ఉంటుంది, నష్టం జరిగిన మాట నిజం కాబట్టి. మధ్యేమార్గం ఒకటి అడిగి చూడండి: బయ్యర్‌కి వెళ్లే ప్రతి మెయిల్‌నీ పంపేముందు ఇంకొకరు చూడాలి. మీ ఇంగ్లీషు అతను చూస్తాడు, అతని కౌంట్లు, తేదీలు, డాక్యుమెంట్ నంబర్లు మీరు చూస్తారు. అడగడానికి వెళ్లేటప్పుడు ఆ '05/06' మెయిల్ చేతిలో ఉండనివ్వండి, అతన్ని తక్కువ చేయడానికి కాదు, ఇద్దరికీ రెండో కన్ను అవసరమని చూపించడానికి. ఆయన ఒప్పుకుంటే అతనితో రోజూ ఎడమొహం పెడమొహంగా కాకుండా పని మీద మాట్లాడాల్సి వస్తుంది. అది మొదట్లో మీకు కష్టంగానే ఉంటుంది. ఒప్పుకోకపోతే కనీసం మీ స్థానం అక్కడ ఏమిటో తెలుస్తుంది.

మానేయమనడం మీ ఆయన ప్రేమతో అంటున్న మాటే అయ్యుంటుంది. మానేయాలనుకుంటే మీ ఇష్టం, కానీ ఈ భయంతో మానేస్తే అది వెంటే వస్తుంది. పాలకొల్లు వెళ్లినా కాకినాడ వెళ్లినా ఎగుమతి కంపెనీ అన్నాక ఇంగ్లీషులో మెయిలే రాయాలి. పైగా తొమ్మిదేళ్ల అనుభవం ఉన్న డాక్యుమెంటేషన్ మనిషికి వేరే ప్లాంట్‌లో గిరాకీ ఉంటుంది. వెళ్లాలనిపిస్తే ముందు ఇంకోచోట మాట్లాడుకుని, తల ఎత్తుకుని వెళ్లండి. ఈ సీజన్ ఒత్తిడిలో మాత్రం నిర్ణయం తీసుకోవద్దు.

మర్చిపోయాను, ఇంకొక్కటి. ఉత్తరంలో బయ్యర్‌ని మీరు 'ఆవిడ' అన్నారు. ఆరు మెయిళ్లలోనూ 'రెస్పెక్టెడ్ సర్' అనే ఉంది. అతను దానికీ సున్నా చుట్టలేదు. రేపటి నుంచి 'డియర్' అని పక్కన ఆవిడ పేరు రాయండి.